బొమ్మకు అప్పగింతలు

అనగనగా విరూపగిరికి ఒక రాజు. ఆయనకు ఇద్దరు కొడుకులు, వాళ్ల తర్వాత కూతురు కనకవల్లి. ఒకనాడు ధూమకంఠుడనే మాంత్రికుడు ఆ రాజ్యంలోని పసిపిల్లలందరి మాటలూ ఎత్తుకుపోయాడు. ఇల్లిల్లూ మూగబోయింది. తల్లులకు అన్నం సయించలేదు.

ఆ మాటలు తిరిగి తేవడానికి పెద్దకొడుకు ఏడు సముద్రాలు దాటి వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్లాడు, వాడూ రాలేదు. కనకవల్లి వెళ్తానంటే, "బొమ్మలకు పెళ్లిళ్లు చేసుకునే పిల్లవి, నువ్వేం చేస్తావమ్మా?" అన్నాడు రాజు. ఆమె తన పెళ్లికొడుకు బొమ్మను కొంగున కట్టుకుని పడవెక్కింది.

మాంత్రికుడి దీవిలో ఒక గోరువంక ఎదురొచ్చింది. "వాడి ప్రాణం చిలకలో లేదు తల్లీ. చిలకల్లో దాచుకున్నవాళ్లంతా చచ్చారని వాడికి తెలుసు. చెక్కబొమ్మలో దాచి, మీ పిల్లల మాటలు దానికి పోశాడు. బొమ్మ ఈ ఒడ్డు దాటితే వాడు చస్తాడు. కానీ అది ఏడుస్తుంటే దాటించడానికి ఎవరికి చేతులొస్తాయి?" అంది.

మాంత్రికుడి ఇంట్లో అన్నలిద్దరూ బొమ్మకు చెరోపక్కా కూర్చుని జడలు వేస్తున్నారు. "చెక్కే కదా అనుకుని వచ్చాను," అన్నాడు పెద్దన్న తలెత్తకుండా. "'అన్నా, నన్ను పంపకు' అంది. ఇక నావల్ల కాలేదు."

బొమ్మ కనకవల్లిని చూసి, "అక్కా, వచ్చావా" అంది. ఆమె గుండె నీరైపోయింది. చెక్కేనని తెలుసు, అయినా ప్రేమ పుట్టింది. చిన్నప్పుడు బొమ్మను అత్తవారింటికి సాగనంపిన ప్రతిసారీ ఆమె నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూనే పంపింది.

"చెల్లికి పెళ్లి చేద్దాం," అంది అన్నలతో.

నుదుట బొట్టు పెట్టింది, బుగ్గన చుక్క దిద్దింది, పెళ్లికొడుకు బొమ్మ చేత పసుపుతాడు కట్టించింది. మాంత్రికుడు గుమ్మంలో నిలబడి నవ్వాడు. ఇంతలా ఏడ్చే పిల్ల ఎక్కడ పంపుతుందిలే అని వాడి ధీమా.

చిన్న పడవలో కూర్చోబెట్టగానే బొమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, నన్ను పంపకు."

"పంపాలి తల్లీ. నీ గొంతు కోసం అక్కడ అమ్మలు ఎదురుచూస్తున్నారు." కనకవల్లి వెక్కివెక్కి ఏడుస్తూ ఒక్కో వేలూ విడిపించుకుంది. అన్నలు కూడా ఏడుస్తూనే పడవను నెట్టారు.

అలల మీద "అక్కా" అన్న పిలుపు సగంలో ఆగిపోయింది. గుమ్మంలో మాంత్రికుడు కుప్పకూలాడు.

ముగ్గురూ విరూపగిరి రేవులో దిగేసరికి పిల్లలంతా "అక్కా" అంటూ పరుగెత్తుకొచ్చారు. అదే గొంతు. కనకవల్లి ఇసుకలో కూలబడి వాళ్లను హత్తుకుంది.

ఆ తర్వాత మనసుకు నచ్చినవాణ్ణి పెళ్లాడి, చాలాకాలం చల్లగా రాజ్యమేలింది. రాణి అయినా పిల్లలు ఆమెను అక్కా అనే పిలిచేవారు. ఎవరు పిలిచినా ముందు సముద్రం వైపు ఒకసారి చూసి, ఆ తర్వాతే పలికేదట.