పెట్టెలో పట్టిన పడవ

తెలివి పంచిపెట్టిన రోజున లోవరాజు, గంగులు, పోసియ్య అందరికంటే ముందే వెళ్ళి వరసలో నిలబడ్డారట. గిన్నెలు తీసుకెళ్ళడమే మరిచిపోయారు. అయినా ఆ అన్నదమ్ముల బడాయి చూడాలి! "మా బుర్రలకి కాకినాడ కాలేజీలు సాలవు" అంటారు, రేవంతా వినేట్టు.

వాళ్ళక్క నూకాలు పడవ గాలివానకి మునిగిపోయింది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పడవ వల్లే. ఎవరో పుణ్యాత్ముడు, సర్వే ఇంజనీరు, సముద్రం అడుగుని బొమ్మగా చూపించే సోనార్ మిషను తెచ్చాడు. తెచ్చాడు గానీ, అల చూస్తేనే ఆయనకి కడుపులో తిప్పుతుంది. ఒడ్డునే కూలబడి వీళ్ళకి పాఠం చెప్పాడు.

"నీళ్ళలో వదిలిన గొట్టం రెండు పక్కలకీ శబ్దం పంపుతుంది. శబ్దం తగిలిన వస్తువు తెర మీద తెల్లగా కనపడుతుంది. దాని వెనక శబ్దం అందని చోట నల్లగా నీడ పడుతుంది. పడవ కనపడగానే ఈ బటన్ నొక్కండి. ఇక అది ఎక్కడికీ పోదు, ఇందులోనే ఉంటుంది."

"ఓస్, ఇంతేనా! దీనికి సదువెందుకండీ?" అన్నాడు పెద్దవాడు లోవరాజు.

మిషనుతో సహా ముగ్గురూ ఓ అద్దె బోటెక్కి సముద్రంలోకి వెళ్ళారు. ఎండ మాడు పగలగొడుతోంది. నడిపివాడు గంగులికి ఇంజనీరు మాట గుర్తొచ్చింది.

"ఒరే, శబ్దం లేనిచోట నీడ పడతదన్నాడు కదా! నోర్లు మూసుకోండి, సల్లగా ఉంటది."

అంతే! ముగ్గురూ నోళ్ళు కుట్టేసుకున్నట్టు కూర్చున్నారు. చెమటలు కారాయి గానీ నీడ రాలేదు. ఇంజను చప్పుడే అడ్డమని చిన్నవాడు పోసియ్య దాన్నీ ఆపేశాడు. ఇంకేముంది, బోటు కొట్టుకుపోయి ఎవరి వలలోనో చిక్కుకుంది. ఎదురుగా వల ఉందని లోవరాజు ముందే చూశాడు. చూసీ చెప్పలేదు. చెబితే నీడ పోదూ!

వల తాలూకు వాళ్ళొచ్చి, ఏడు తరాల్నీ తిట్టి విడిపించారు. మళ్ళీ ఇంజను వేసి కాస్త దూరం వెళ్ళారో లేదో, తెర మీద తెల్లగా పడవ, పక్కనే నల్లటి నీడ! గంగులు బటన్ నొక్కేశాడు. వాడు పుట్టి బుద్ధెరిగాక సరిగ్గా చేసిన పని అదొక్కటే. అదీ బుర్రతో కాదు, వేలితో.

బోటు ముందుకెళ్ళేకొద్దీ బొమ్మ తెర కిందకి జరగడం ఆ మిషను తీరు. వీళ్ళకేం తెలుసు!

"అయ్‌బాబోయ్! జారిపోతందిరా!"

"తలకిందులు సెయ్యండ్రా! కిందనించి పడిపోద్ది!"

గొట్టం పైకి లాగేసి, మిషనుని తలకిందులుగా పట్టుకుని ఒడ్డుకొచ్చారు. పడితే అందుకోడానికి పోసియ్య దారంతా తువ్వాలు పరిచి పట్టుకునే ఉన్నాడు.

"అక్కా, నీ పడవ దొరికింది! ఇందులోనే ఉంది!"

ఆ మాట పిచ్చో మంచో నూకాలుకి అర్థం కాలేదు. ఇంజనీరు దగ్గరికి పరిగెత్తింది.

"బటన్ నొక్కారా? అయితే పడవున్న చోటు అందులో ఉన్నట్టేనమ్మా. రేపే పైకి తీయిద్దాం" అన్నాడాయన. పాపం, నూకాలు సంతోషం పట్టలేక అక్కడే ఏడ్చేసింది.

ఇద్దరూ ఇంటికొచ్చేసరికి వాకిట్లో సిమెంటు తొట్టి చుట్టూ అన్నదమ్ములు ముగ్గురూ కూర్చుని ఉన్నారు. తొట్టినిండా ఉప్పునీళ్ళు. నీళ్ళలో మిషను.

"ఏం చేశార్రా!" అని అరిచాడు ఇంజనీరు.

"ఎండలో ఉంచితే సెక్కలు నెర్రెలిచ్చెయ్యవాండీ? అందుకే పడవని నానేశాం" అన్నాడు లోవరాజు, మీకామాత్రం తెలీదా అన్నట్టు.

తొట్టిలోంచి బుడగలొచ్చాయి. తెర ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. "అయిపోయిందమ్మా, ఇక చోటు తెలీదు" అన్నాడు ఇంజనీరు.

నూకాలు గోడకానించిన తెడ్డు అందుకుంది.

"నా పడవని రెండోసారి ముంచేశార్రా, దరిద్రుల్లారా!"

"ఏడవకే అక్కా" అన్నాడు లోవరాజు, తొట్టి వైపు ధీమాగా చూపిస్తూ. "ఈసారి ఎక్కడ మునిగిందో మాకు తెల్సు కదా!"