మొప్పలు లేని చేప

ఏడు ఏరులు సముద్రంలో కలిసేచోట, మన ముత్తవ్వకి ముత్తవ్వ పుట్టకముందు, ఒక రాజు ఉండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. ఒక కూతురు కూడా ఉంది గానీ, పిల్లలెంతమంది మహారాజా అని ఎవరడిగినా "ముగ్గురు" అనే చెప్పేవాడు.

పెద్దవాడికి కత్తి నేర్పించారు. రెండోవాడికి విల్లు నేర్పించారు. మూడోవాడికి మంత్రాలు నేర్పించారు. కూతురు తరళని మాత్రం వంటింట్లోకి పొమ్మన్నారు. అక్కడ గరగమ్మ అనే వంటామె ఉండేది. రోజూ గంపెడు చేపలు ముందు పోసుకుని తరళకి చదువు చెప్పేది.

"కన్ను చూసి మోసపోకు తల్లీ. మెరుపు చూసి అసలే మోసపోకు. బుగ్గ మీద రేకుంది చూడు, అది ఎత్తు. కింద ఎర్రగా, తడిగా, దువ్వెన పళ్ళలా కనిపిస్తున్నాయే, అవి మొప్పలు. ఎర్రగా ఉంటే ఇవాళ్టి చేప. మట్టిరంగుకి తిరిగితే నిన్నటిది. జిగురు కారితే అమ్మినవాడి మొహానే కొట్టు."

అన్నలు గుమ్మంలోంచి తొంగిచూసి నవ్వేవాళ్ళు. "మా చెల్లెలు చేపల బుగ్గలు గిల్లుతోందిరా!" ఆ చేపలు తినేటప్పుడు మాత్రం ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

ఇలా ఉండగా ఒకరోజు జంఝాటుడనే మాంత్రికుడు కొలువుకి వచ్చాడు. గిన్నెని కప్ప చేశాడు. కప్పని పావురం చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రాణిగారు మాత్రం ముందుకి వంగి, "అయ్యా, విద్య బాగానే ఉంది గానీ, మీ పెట్టుడు గడ్డం..." అనబోయింది.

మాట పూర్తి కానివ్వలేదు జంఝాటుడు. "కొలువులో నోరెత్తుతావా? నోరు తెరిచినా మాట రాని చోట ఉండు!" అని మంత్రం వేశాడు. రాణి వెండిచేప అయిపోయింది. ఆ చేపని కమండలంలో వేసుకుని జంఝాటుడు ఏడు సముద్రాల అవతలికి ఎగిరిపోయాడు.

రాజు దండోరా వేయించాడు. "రాణిని తెచ్చినవాళ్ళకి సింహాసనం! రాజకుమార్తెతో పెళ్ళి!" తరళని ఎవరూ అడగలేదు.

పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. మూడోవాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. అప్పుడు తరళ చెంగు నడుముకి చుట్టింది.

"నువ్వెళ్ళి ఏం చేస్తావమ్మా? నీకేం వచ్చని?" అన్నాడు రాజు.

"చేపల్ని చూడటం వచ్చు నాన్నగారూ. అమ్మ ఇప్పుడు చేపే కదా!"

గరగమ్మ చద్దిమూట కట్టిచ్చింది. తరళ సముద్రం ఒడ్డుకి వచ్చేసరికి మండుటెండలో ఇసుక మీద ఒక పీత వెల్లకిలా పడి ఉంది. మూతి నుంచి నురగ కక్కుతోంది.

"అమ్మాయీ, కాలు విరిగితే నాకు మళ్ళీ మొలుస్తుంది. డొప్ప కింది మొప్పలు ఆరిపోతే మాత్రం ప్రాణమే పోతుంది. కాసిన్ని నీళ్ళు పొయ్యి. మీ అన్నలు ముగ్గురూ నన్ను దాటుకునే పోయారు."

తరళ దోసిళ్ళతో సముద్రపు నీళ్ళు తెచ్చి పోసింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. పీత బోర్లా తిరిగి ఊపిరి పీల్చుకుంది.

"ఆ జంఝాటుడి గుట్టు చెప్తా విను. ఇదివరకు మాంత్రికులంతా ప్రాణాన్ని చిలకలో దాచేవాళ్ళు. ఏ రాకుమారుడొచ్చినా తిన్నగా చిలక మెడ పట్టుకుంటున్నాడని, వీడు చేపలో దాచాడు. వాడి కొలనులో వెయ్యి వెండిచేపలున్నాయి. అన్నీ వాడు మార్చేసిన మనుషులే. ఒక్కటి మాత్రం వాడు స్వయంగా చేసిన చేప. ప్రాణం అందులో ఉంది. దాన్ని విరిస్తే వాడు పోతాడు, మీ అమ్మ బతుకుతుంది. కానీ చెయ్యి పెట్టేది ఒక్కసారే. తప్పు చేపని పట్టుకుంటే నువ్వూ చేపవే."

"మా అన్నలేం చేశారు?"

"పెద్దాయన అన్నిటికన్నా పెద్దదాన్ని పట్టాడు. రెండో ఆయన అన్నిటికన్నా మెరిసేదాన్ని పట్టాడు. మూడో ఆయన మంత్రం చదివితే ఒకటి దగ్గరికొచ్చిందట. దానికి ఆకలేసి వచ్చింది, పాపం!"

పీత ఒక సొరచేపని పిలిచింది. సొర చెప్పింది, "ఎక్కమ్మా. ఒకటే మాట. నన్ను ఆగమనకు. నేను ఈదుతుంటేనే మొప్పల్లోకి నీళ్ళు పారతాయి, ఆగితే ఊపిరాడదు. మీ పెద్దన్న కత్తి చూపించి నా మీదెక్కాడు, దారిలో తలపాగా పడిపోయిందని నన్ను తోక పట్టి ఆపాడు. సగం చచ్చాను."

నాలుగో సముద్రంలో తరళ చద్దిమూట జారి నీళ్ళలో పడింది. ఆకలి నకనకలాడుతోంది. అయినా ఆగమనలేదు. ఏడో సముద్రం దాటి సొర ఆమెని ఒడ్డున దించి, అలాగే చుట్టు తిరిగి వెళ్ళిపోయింది.

కొలను గట్టు మీద ఆలిచిప్పలు కుప్పలుగా పడి ఉన్నాయి. ముత్యాల కోసం తవ్వి, దొరక్కపోతే విసిరేసినవి. కొన్ని ఇంకా సన్నగా నోరు తెరుచుకుని కొట్టుకుంటున్నాయి. తరళ వాటిని ఏరి ఏరి నీళ్ళలోకి జారవిడిచింది.

జంఝాటుడు ఊయల మీద కూర్చుని పకపకా నవ్వాడు. "ఏం పిల్లా, మీ ఇంట్లో మగాళ్ళు అయిపోయారా?"

"నీ దగ్గరే ఉన్నారుగా. ముగ్గురినీ వదిలితే తీసుకుపోతాను."

వాడికి ఒళ్ళు మండింది. కర్రతో కొలనంతా కలిపేశాడు. అడుగు బురద పైకి లేచి నీళ్ళు కల్లులా మసకబారాయి. చేపలు కనిపించడం మానేశాయి. "ఇప్పుడు పట్టు చూద్దాం!"

తరళ గట్టున కూర్చుంది. నీళ్ళ అడుగునుంచి ఆలిచిప్పలు గుసగుసలాడాయి. "కంగారు పడకమ్మా. మేం మొప్పలతో ఊపిరీ పీలుస్తాం, నీళ్ళూ వడకడతాం. కాస్త ఓపిక పట్టు."

పొద్దు నడినెత్తికి వచ్చింది. "మీ అన్నలు నయం, మగధీరుల్లా దూకారు. నువ్వు చింతపండు నానబెట్టినదానిలా కూర్చున్నావేం?" అన్నాడు జంఝాటుడు.

"నానబెట్టకుండా పులుసు కాదు కదయ్యా," అంది తరళ.

పొద్దు వాలేసరికి కొలను అద్దంలా తేరింది. తరళ వంగి చూసింది. వెయ్యి చేపలు. ఇంచుమించు ఒకటే పొడవు, ఒకటే మెరుపు. అన్నీ నోరు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. అందులో అమ్మ ఎవరో! తరళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెంగుతో తుడుచుకుని, నోళ్ళని వదిలేసి బుగ్గలు చూడటం మొదలుపెట్టింది.

నోరు మూసుకున్న ప్రతిసారీ చేప బుగ్గ మీది రేకు లేస్తోంది. లోపల ఎర్రగా కనిపిస్తోంది. వాడు వాళ్ళ మాట ఆపగలిగాడు గానీ, ఊపిరి మాత్రం పక్క తలుపు తీసుకుని ఆడుతూనే ఉంది. ఈ చేప రేకు లేచింది. ఆ చేప రేకూ లేచింది. రాతి చాటున ఉన్న ఇంకో చేప నోరు తెరిచింది, మూసింది. రేకు లేవలేదు. మళ్ళీ తెరిచింది, మూసింది. లేవలేదు. మూడోసారీ లేవలేదు.

తరళ చెయ్యి పెట్టి దాన్నే పట్టేసింది.

జంఝాటుడు ఊయల మీంచి కిందపడ్డాడు. "ఎలా... ఎలా తెలిసింది?"

తరళ బొటనవేలితో బుగ్గ గీకింది. రేకు లేదు, గీత ఒక్కటే ఉంది. దాని కింద కుండలా నున్నగా ఉంది.

"కన్ను చేశావు. పొలుసు చేశావు. తోక చేశావు. మొప్పలు మర్చిపోయావు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క చేపనైనా కడిగావా నువ్వు? కంచంలోకి వచ్చిన ముక్కలు తిని చేపంటే ఇంతే అనుకున్నావు!"

చేపని ఫట్‌మని విరిచింది. జంఝాటుడు నోరు తెరిచాడు, మూశాడు. మాట బయటికి రాలేదు. బూడిదై రాలిపోయాడు. గడ్డం ఒక్కటే గాలికి ఎగిరిపోయింది.

కొలనులోంచి మనుషులు లేచి నిలబడ్డారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, ఎక్కడో అక్కడ వాడికి ఎదురుచెప్పినవాళ్ళే. అందరికన్నా ముందు రాణిగారు గట్టెక్కి, జుట్టు పిండుకుంటూ, "...ఊడిపోతోంది, సరిచేసుకోండి అనబోయాను. అంతేగా!" అంది. అప్పుడు కూతుర్ని చూసి గట్టిగా వాటేసుకుంది.

అన్నలు వచ్చి, ఆ చేపని ఇంకా తేలిగ్గా ఎలా పట్టి ఉండవచ్చో చెల్లెలికి వివరించారు. కొలనులోంచి లేచినవాళ్ళలో తెప్పలు కట్టే సోమన్న అనే అతను మాత్రం, "నువ్వెలా కనిపెట్టావు? నాకూ నేర్పుతావా?" అని అడిగాడు. తరళ అతని వంక రెండోసారి చూసింది.

సోమన్న కట్టిన తెప్పల మీద అందరూ ఇల్లు చేరారు. మంత్రులు తలలు గోక్కున్నారు. "దండోరా ప్రకారం సింహాసనం ఇవ్వాలి, సరే. రాజకుమార్తెని ఎవరికివ్వాలి?"

"రాజకుమార్తె నా దగ్గరే భద్రంగా ఉంది. సింహాసనం ఇప్పించండి చాలు," అంది తరళ.

రాజు కాసేపు కిరీటం తడుముకున్నాడు. రాణి ఆయన వంక ఒక్క చూపు చూసింది. ఆయన లేచి నిలబడి, కిరీటం తీసి కూతురి తలన పెట్టి, "నాకు నలుగురు పిల్లలు" అన్నాడు.

సోమన్న రోజూ వంటింటికి వచ్చేవాడు. ఏడాది తిరిగాక గరగమ్మ అతని ముందు గంపెడు చేపలు పోసింది. అతను కళ్ళు చూడలేదు, మెరుపు చూడలేదు. ఒక్కొక్కటే మొప్ప ఎత్తి చూసి, నిన్నటివి పక్కకి తోసి, ఇవాళ్టివి కడిగి పులుసు పెట్టాడు. గరగమ్మ రుచి చూసి, "ఉప్పు కొంచెం తగ్గింది గానీ, పనికొస్తాడమ్మా" అంది. తరళ అతన్నే పెళ్ళి చేసుకుంది.

తరళ అరవై ఏళ్ళు రాజ్యం ఏలింది. ఆ రాజ్యంలో మగపిల్లాడి చేతికి కత్తి ఇచ్చేముందు ఒక చేప ఇచ్చేవాళ్ళు. ముగ్గురన్నలూ వంటింటి పెరట్లో రాతిబండ ముందు కూర్చుని, బూడిద రాసి చేపలు తోముతూ మొప్పలు నేర్చుకున్నారు.

కథ ఏటిమొగ దాటి సముద్రంలోకి పోయింది. చేతులు కడుక్కుని రండి, పులుసు చల్లారిపోతోంది.