గాలికి చేసిన ముస్తాబు

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా, కొండవాలు మీద కట్టిన 'వెలుగుమేడ' అనే పెద్ద ప్రాంగణానికి సింహాద్రినాయుడు అనే మేనేజరు ఉండేవాడు. ఎంతో పనిమంతుడే కానీ, కంటికి మెరిసిందల్లా మంచిదేనని నమ్మడం ఆయనకున్న జబ్బు.

ఆ ప్రాంగణాన్ని చూస్తే ఎవరికైనా నోట మాట వచ్చేది కాదు. ఒక పక్క ఆఫీసులు, ఒక పక్క దుకాణాలు, వెనకాల కాపురాలు ఉండే ఇళ్ళు, నడుమ హోటలు, సినిమా హాలు. పొద్దున్నే సూర్యుడు సముద్రంలోంచి లేచి ఆ మేడల అద్దాల మీద పడితే కొండకు కొండ వెలిగిపోయేది. నాయుడు రోజూ ఆ వేళకు గేటు దగ్గర నిలబడి చూసేవాడు. ఎన్నేళ్ళు చూసినా ఆయనకు తనివి తీరలేదు. "ఇంత గొప్పది మనుషులే కట్టారంటే నమ్మగలమా?" అని పక్కనున్నవాళ్ళతో అనేవాడు. పక్కన ఎవరూ లేకపోతే తనలో తనే అనుకునేవాడు.

ప్రాంగణం యజమానురాలు ఇందుమతి గారికి ఒక కోరిక పుట్టింది. కట్టడం అందంగా ఉంటే చాలదు, అందులో మసిలేవాళ్ళ ఒంటికి కూడా మంచిది కావాలి అనుకుంది. గాలి, నీరు, వెలుతురు, చప్పుడు అన్నీ పరీక్షించి ఇచ్చే 'ఆరోగ్య భవనం' సర్టిఫికెట్ ఒకటి ఉందని విని దానికి అర్జీ పెట్టింది. నీటి పరీక్ష గట్టెక్కింది. వెలుతురుకీ చప్పుడుకీ మంచి మార్కులే పడ్డాయి. గాలి ఒక్కటే మిగిలింది.

గాలి పరీక్ష జరిగే రోజునే పసిపిల్లల డే కేర్ కూడా తెరవాలని ఆవిడ ముహూర్తం పెట్టించింది. అక్కడి ఆఫీసుల్లో పనిచేసే తల్లులు ఆ రోజు కోసం ఎప్పటినుంచో ఎదురు చూస్తున్నారు. ఈ రెండూ చక్కగా జరిపిస్తే కొత్తగా కట్టబోయే ప్రాంగణం కూడా మీ చేతికే ఇస్తానని ఆవిడ నాయుడికి మాట ఇచ్చింది. నాయుడికి కాళ్ళు నేల మీద ఆనలేదు.

సముద్రం పక్కన గాలికేం లోటు? ఆయన దిగులు గాలి గురించి కానే కాదు. వచ్చే మనిషి కళ్ళకు ఏం కనబడుతుందోనని ఆయన దిగులు. మంత్రి వస్తున్నాడంటే ఊరు ఎలా ముస్తాబవుతుందో ఆయనకు బాగా తెలుసు. అదే పద్ధతి మొదలుపెట్టాడు. దారుల పక్కన బ్లీచింగ్ పౌడరుతో తెల్లటి గీతలు గీయించాడు. మెట్లన్నీ ఫినాయిలుతో కడిగించాడు. తలుపులకు వార్నిష్ పూయించాడు. పెద్ద హాల్లో కొత్త తివాచీ తెచ్చి జిగురుతో అంటించాడు. లిఫ్టుల్లో గులాబీ సెంటు కొట్టించాడు. డే కేర్ గోడల నిండా ఏనుగుల, నెమళ్ళ, కుందేళ్ళ బొమ్మలు కొత్త రంగులతో వేయించి, అది చాలదన్నట్టు మూలమూలనా సాంబ్రాణి ధూపం పెట్టించాడు. ఇన్ని చేశాక దుమ్ము పడితే ఎలా? కిటికీలన్నీ మూయించి గడియలు వేయించాడు. పెళ్ళికూతురికైనా అంత ముస్తాబు చేయరు.

ఒక్క చోటు మాత్రం ఆయన పరువు తీసేలా ఉంది. అది తూర్పు వసారా. ఇంకా సిమెంటు గోడలే, కిటికీలకు అద్దాలైనా పడలేదు. దాన్ని బాగుచేయడానికి వ్యవధి లేక, షామియానా వాళ్ళ దగ్గర పరదాలు తెప్పించి అడ్డం కట్టించాడు.

పరీక్ష చేయడానికి మెర్సీ అనే ఇంజనీరు వచ్చింది. వయసులో చిన్నది. నేత చీర, కాళ్ళకు బూట్లు, చేతిలో అరచేతికి సరిపోయే తెల్లటి పెట్టె. గాలి బాగుంటే ఆ పెట్టె మీద పచ్చదీపం, ఒక మాదిరిగా ఉంటే పసుపు, చెడ్డదైతే ఎర్రదీపం వెలుగుతాయని చెప్పింది. నాయుడు ఆమెను ముందుగా డే కేర్‌కే తీసుకువెళ్ళాడు. తలుపు తెరిచి, గది కేసి కాకుండా ఆమె ముఖం కేసి చూస్తూ నిలబడ్డాడు. బొమ్మలు చాలా బాగున్నాయని ఆమె మనస్ఫూర్తిగానే అంది. తర్వాత వంగి పెట్టెను నేల మీద పెట్టింది. పిల్లలు గాలి పీల్చేది ఆ ఎత్తులోనే కదా మరి.

దీపం ఎర్రగా వెలిగింది.

"మీ పెట్టె పాడైనట్టుంది మేడం. నిన్నంతా దగ్గరుండి కడిగించాను నేను" అన్నాడు నాయుడు.

మెర్సీ వాదన పెట్టుకోలేదు. కొత్త రంగులూ ధూపాలూ కూడా గాలిని చెడగొడతాయని చెప్పి, పెట్టె పాడైందో లేదో చూద్దామని, ఈ ముస్తాబేదీ జరగని చోటు ఎక్కడైనా ఉందా అని అడిగింది. నాయుడు ఆలోచించగా గేటు దగ్గర వాచ్‌మన్ గది గుర్తొచ్చింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అక్కడికి వెళ్ళారు. కిటికీ తెరిచే ఉంది. దీపం పచ్చగా వెలిగింది. మెర్సీ కిటికీ మూసి, తలుపు వేసి, బల్ల మీద కూర్చుంది. నాయుడినీ కూర్చోమంది. ఏం జరుగుతుందో అర్థం కాకపోయినా ఆయన కూర్చున్నాడు. చాలాసేపటికి పచ్చదీపం ఆరి పసుపుదీపం వెలిగింది.

"ఇక్కడ రంగెవరు వేశారు?" అన్నాడు నాయుడు అయోమయంగా.

"ఎవరూ వేయలేదు సార్. అది మన ఊపిరే. మీదీ, నాదీ."

ఆమె లేచి కిటికీ తెరిచింది. సముద్రం మీది గాలి లోపలికి వచ్చింది. కాసేపటికి దీపం మళ్ళీ పచ్చబడింది. నాయుడు ఆ దీపం కేసే చూస్తూ ఉండిపోయాడు. పుట్టినప్పటినుంచి పీలుస్తున్న గాలిని ఆయన ఏనాడూ ఇలా చూడలేదు. తను వదిలిన ఊపిరి గదిలో పేరుకోవడం, ఎక్కడినుంచో వచ్చిన గాలి దాన్ని మోసుకుపోవడం ఇప్పుడు కళ్ళారా చూశాడు.  ఆ పెట్టె ఒకసారి తన చేతికి ఇమ్మని అడిగాడు. అడిగే గొంతులో మేనేజరు లేడు.

పెట్టె పట్టుకుని ప్రాంగణమంతా తిరిగాడు. వార్నిష్ తలుపుల దగ్గర ఎరుపు. కొత్త తివాచీ మీద ఎరుపు. గులాబీ వాసన గుప్పుమనే లిఫ్టులో ఎరుపు. ఎక్కడ ఎక్కువ మురిసిపోయాడో అక్కడల్లా ఎరుపే. ఆఖరికి సిగ్గుపడుతూనే పరదా తొలగించి తూర్పు వసారాలోకి అడుగుపెట్టాడు. అద్దాల్లేని కిటికీల్లోంచి గాలి రివ్వున వచ్చి ఆయన చొక్కాను పొంగించింది. దీపం పచ్చగా వెలిగి, అలాగే నిలిచింది. ఎదురుగా సముద్రం. ఇన్నాళ్ళూ ఆయన అద్దాల్లో మెరిసే సముద్రాన్నే చూశాడు. అది ఇంత గాలిని మోసుకొచ్చి గుమ్మంలో పోస్తూ ఉంటే, తను గడియలు పెట్టించాడు.

ఇంతలో ఇందుమతి గారి కారు వచ్చింది. డే కేర్ గుమ్మానికి రిబ్బను కట్టారు. తల్లులు పిల్లలను ఎత్తుకుని వరండాలో నిలబడ్డారు. ముహూర్తం దాటిపోతుందని పురోహితుడు తొందర పెడుతున్నాడు. నాయుడు మెర్సీని పక్కకు పిలిచి, ఈ గది తెరవకుండా మీరు ఆపుతారా అని అడిగాడు.

"ఆపే అధికారం నాకు లేదు సార్. కొలిచి రాయడం వరకే నా పని. గది తాళం మీ దగ్గరే ఉంది కదా" అంది మెర్సీ.

 ఎర్రదీపం సంగతి నాయుడికీ మెర్సీకీ తప్ప ఎవరికీ తెలియదు. గది ముచ్చటగా ఉంది. నాలుగు రోజులు పోతే వాసన అదే తగ్గిపోతుంది. ఒక్క పూటకు ఏం కొంప మునుగుతుంది? ఇప్పుడు నోరు విప్పితే కొత్త ప్రాంగణం చేజారినట్టే. అలా తర్జనభర్జన పడుతుండగా ఒక పాప తల్లి చంకలోంచి దిగి, లోపలి ఏనుగు బొమ్మను చూడాలని కిటికీ అద్దానికి ముక్కు ఆనించింది. ఆ అద్దం మీద పాప ఊపిరి చిన్న మచ్చలా పట్టింది. ఆరిపోయింది. మళ్ళీ పట్టింది.

నాయుడు ముందుకు వెళ్ళి గదికి తాళం వేశాడు. అందరూ చూస్తుండగా ఇందుమతి గారి ముందు నిలబడ్డాడు.

"ఈ గది పిల్లలకు పనికిరాదమ్మా. గాలి చెడిపోయింది. ముస్తాబు పేరుతో చెడగొట్టింది నేనే."

ఆవిడ ముఖం కందిపోయింది. పిలిచిన పెద్దలంతా చుట్టూ ఉన్నారు. మరి సర్టిఫికెట్ సంగతేమిటని మెల్లగా అడిగింది. ఈసారి రాదని నాయుడు చెప్పాడు. అయితే వచ్చిన పిల్లలను ఎక్కడ పెడతారని ఆవిడ కోపంగానే అడిగింది. నాయుడు అందరినీ తీసుకువెళ్ళి తూర్పు వసారా పరదా తీశాడు. పెద్దవాళ్ళు ఆ సిమెంటు గోడలను చూసి ముఖాలు చిట్లించారు. పిల్లలు మాత్రం ఒక్క పరుగున లోపలికి వెళ్ళిపోయారు. రిబ్బను పూతలేని రెండు సిమెంటు స్తంభాల మధ్య కట్టి కత్తిరించారు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలు చాపల మీద పడుకుని నిద్రపోయారు. ఇందుమతి గారు వెళ్ళబోతూ ఆగి, మూలన పెట్టిన తెల్లటి పెట్టె మీద వెలుగుతున్న పచ్చదీపం ఏమిటని అడిగింది. నాయుడు చెప్పాడు. ఆవిడ చెప్పులు విడిచి లోపలికి వచ్చి పిల్లల నడుమ నిలబడింది. చిన్న చిన్న ఛాతీలు పైకి లేస్తున్నాయి, దిగుతున్నాయి.

"ఇంతమంది ఊపిరి వదులుతున్నా దీపం మారడం లేదేం?" అంది గొంతు తగ్గించి.

"సముద్రం పట్టుకుపోతోందమ్మా" అన్నాడు నాయుడు.

 ఇద్దరూ గుడిలో నిలబడ్డట్టు చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

కొత్త ప్రాంగణం వేరే మేనేజరుకు వెళ్ళింది. నాయుడు బాధపడ్డాడు కానీ వాపోలేదు. కిటికీల గడియలు తీయించాడు, తివాచీ ఊడదీయించాడు, ఘాటు వాసన వచ్చే రంగు గేటు దాటి రాకుండా చూశాడు. మరుసటి ఏడు గాలి పరీక్షకు ఏ ముస్తాబూ చేయలేదు. సర్టిఫికెట్ వచ్చింది. అందుకే పిల్లలూ, ఒక్క మాట గుర్తుంచుకోండి: చూసి వెళ్ళిపోయేవాళ్ళ మెప్పు కోసం చేసే ముస్తాబు కన్నా, అక్కడే ఉండి ఊపిరి పీల్చేవాళ్ళ మేలు కోసం చేసే పని గొప్పది.