దారిలో ఉన్న గుర్రం

ఎవరేం అడిగినా పట్టాభి గారు జవాబు చెప్పరు, ఆటకు కూర్చోబెడతారు. హనుమకొండలో ఒక మేడమీది గదుల్లో, కాకతీయుల కాలపు యుద్ధాలను వీడియో గేముగా మలుస్తున్న బృందానికి ఆయనే పెద్ద. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ ఈ అలవాటు తెలుసు. తెలిసీ అడుగుతారు, తర్వాత తల పట్టుకుంటారు.

ఆ రోజు అడిగింది హిమజ. ఆయన దగ్గరే ఓనమాలు దిద్దుకుని, ఇప్పుడు ఆట నియమాలన్నీ తానే రాస్తున్న మనిషి. వాళ్ల ఆటలో సేనాని ఆజ్ఞ ఇస్తే అది సైన్యానికి వెంటనే అందదు. కోటలోంచి ఒక రౌతు గుర్రమెక్కి ఆ మాట మోసుకెళ్లాలి. దారిలో ఉన్నంతసేపూ అతణ్ని వెనక్కి పిలిచే మీట ఒకటుంది గాని, దాని జోలికి ఎవరూ పోలేదు. ఆడి చూసినవాళ్లంతా ఇంత ఆలస్యమేమిటని విసుక్కున్నారు. డబ్బు పెట్టే కంపెనీ మనుషులు మధ్యాహ్నం మళ్లీ వస్తున్నారు. ఈసారీ పెదవి విరిస్తే ఆట ఆగిపోతుంది, గదులకు తాళం పడుతుంది.

"రౌతును తీసేస్తే ఏమైతది సార్? చెప్పంగనే జరిగితే తప్పేంది?" అని అడిగిందామె.

పట్టాభి గారు ఎదుటి కంప్యూటరు ముందు కూర్చున్నారు. రౌతును ఆమె వైపు తీసెయ్యమన్నారు, తన వైపు ఉంచమన్నారు. ఆమె గెలిస్తే రెండు వైపులా తీసేద్దామన్నారు.

మొదటినుంచీ హిమజదే పైచేయి. వేలు కదిపితే చాలు, విలుకాండ్రు బురుజు మారుతున్నారు, ఏనుగులు వెనుదిరుగుతున్నాయి. అవతల పట్టాభి గారి రౌతు ఇంకా వాగు దాటుతూనే ఉన్నాడు. ఆమెకు సంతోషం వేసింది, ఆ వెంటనే భయమూ వేసింది. గురువు ఇంత సులువుగా ఓడే మనిషి కాదు. అప్పుడే తూర్పు వాకిలి వైపు దుమ్ము లేచింది. వాళ్ల ఆటలో దుమ్ము లేస్తే ఎవరి జెండా ఏదో కనపడదు, ఆ నియమం ఆమె రాసిందే. పెద్ద గుంపు, వాకిలికేసి పరుగెత్తి వస్తోంది. బాణాలు వేయమని హిమజ మీట నొక్కింది. వేలు తీసేలోపే బాణాలు లేచాయి.

దుమ్ము పలచబడ్డాక చూస్తే తలమీద గంపలు, చంకలో పిల్లలు. అంతా ఆమె జనమే. యుద్ధభేరి మోగితే పొలాల్లో ఉన్నవాళ్లు కోటలోకి పరుగెత్తుకు రావాలని రాసింది కూడా ఆమే. ఆపమని మళ్లీ మళ్లీ నొక్కింది. బాణాలు అప్పటికే గాలిలో ఉన్నాయి.

కాసేపటికి పట్టాభి గారి పతాకం కూలింది. తెరమీద విజయం అని బంగారు అక్షరాలు వెలిగాయి, బాకాలు మోగాయి.

"గెలిచినవు బిడ్డా," అన్నారాయన. "తీసెయ్."

బొమ్మలే కదా అని తనకు తాను చెప్పుకుంది. చెయ్యి మాత్రం కదల్లేదు. కింద కారు ఆగింది, మెట్లమీద అడుగులు వినిపించాయి. ఈ గదుల్లో పనిచేసే ఇంతమంది కూడు తన వేలి కింద ఉందని ఆమెకు తెలుసు. తెలిసే, తన వైపు కూడా రౌతును మళ్లీ గుర్రమెక్కించింది. వచ్చేవాళ్లకు ముందుగా వెనక్కి పిలిచే మీటే చూపించాలనుకుంది.

లేవబోతుంటే అనుమానం వచ్చింది. ఆ గుంపుకు దగ్గర్లోనే ఆయన గుర్రపు దళం కాపు కాసి ఉంది. ఆయనకు కనిపించిందీ దుమ్మే కదా, మరి ఆయన ఎందుకు కొట్టలేదని అడిగింది.

"నేను గూడ కొట్టుమనే పంపిన," అన్నారు పట్టాభి గారు. "గుర్రం ఇంక తొవ్వలనే ఉండె. దుమ్ము అణిగింది."