సూదంటురాయి దీవికి కుట్టుదోనె

“ఈ రాజ్యంలో సముద్రానికి తలుపుండదు. రేవులో చెమటోడ్చేవాళ్ళదే రేవు. ఇది నా మాట.”

పట్టాభిషేకం రోజున ఏనుగు అంబారీ మీద నుంచి మహాసేన మహారాజు అన్న మాట అది. జనం తలపాగాలు ఎగరేసి జేజేలు కొట్టారు. ఆ మాట ఏమైపోయిందో చెబుతాను, వినండి.

మన తాతలకు తాతలు కూడా పుట్టని రోజుల్లో, ఏరు వెళ్ళి సముద్రంలో కలిసేచోట మణిరేవు అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే మహాసేనుడికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి తిప్పడంలో మొనగాడు. నడిపివాడు గుర్రపుస్వారీలో మొనగాడు. చిన్నవాడు కీర్తిసేనుడు దేంట్లోనూ మొనగాడు కాదు. గురుకులంలో ఉన్న తాళపత్రాలన్నీ చదివేశాడు, అంతే. ఎక్కడ అన్యాయం కనబడినా అతని చెవులు ఎర్రబడేవి. నోట్లోంచి గ్రంథాల మాటలు వరదలా వచ్చిపడేవి.

మణిరేవు జాలర్లు కుట్టుపడవల మీద వేటకు వెళ్ళేవాళ్ళు. కుట్టుపడవలో మేకు అన్నదే ఉండదు. చెక్కల అంచుల వెంట చిల్లులు పెట్టి, కొబ్బరిపీచు తాడుతో బొంత కుట్టినట్టు కుట్టేస్తారు. ఒకనాడు రాజుగారు రేవుకొచ్చి, “ఇవి పాతకాలపు పడవలు. మీకు కొత్తవి ఇస్తున్నాను. ఇనప మేకులు కొట్టినవి, గట్టివి” అన్నాడు. పాతవాటిని కుప్పపోయించి తగలబెట్టించాడు. మగవాళ్ళంతా కొత్త పడవలెక్కి వేటకెళ్ళారు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే పోయారు.

ఎక్కడికి పోయారు? సముద్రంలో ఒక నల్లటి దీవి ఉంది. దీవి అంటే మట్టీ ఇసుకా కాదు, మొత్తం సూదంటురాయి. అక్కడ కరాళుడనే మాంత్రికుడు కొత్తగా కాపురం పెట్టాడు. పడవ దగ్గరికి రాగానే రాయి మేకుల్ని ఊడబెరికేది. మేకులూడితే చెక్కలు విడిపోయేవి. ప్రాణాలు అరచేత పట్టుకుని ఒడ్డుకు ఈదినవాళ్ళ మీద కరాళుడు గుప్పెడు నీళ్ళు చల్లేవాడు. వాళ్ళు నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఉప్పు బొమ్మలైపోయేవాళ్ళు.

అప్పుడు రాజేం చేశాడు? ఏటి నోటికి అడ్డంగా ఇనప గొలుసు కట్టించాడు. “మీ క్షేమం కోసమే” అన్నాడు.

పెద్దకొడుకు ఓడ అడిగాడు. రాజు గొలుసు దింపించాడు. పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. నడిపివాడు ఓడ అడిగాడు. రాజు గొలుసు దింపించాడు. నడిపివాడు వెళ్ళాడు, రాలేదు. చిన్నవాడు అడిగాడు. రాజు కళ్ళొత్తుకున్నాడు.

“నువ్వొక్కడివే మిగిలావు నాయనా. వద్దు.”

“నేనొక్కణ్ణేనా నాన్నగారూ మిగిలింది? రేవు నిండా ఆడవాళ్ళు మిగిలారు, పసివాళ్ళు మిగిలారు! వాళ్ళు లెక్కలోకి రారా?”

ఆస్థాన పండితుడు గొంతు సవరించుకున్నాడు. “కుమారా, ఆ దీవి ఏడు సముద్రాల అవతల ఉంది.”

కీర్తిసేనుడు విసురుగా వెళ్ళి కిటికీ తెరిచాడు. ఎదురుగా, నీళ్ళ మీద పులిపిరికాయలా నల్లగా కనిపిస్తూనే ఉంది దీవి. సభలో ఎవరూ అటు చూడలేదు.

అతను తిన్నగా రేవుకెళ్ళాడు. బోర్లించిన చేపల బుట్ట ఎక్కి నిలబడ్డాడు. “చెమట చిందించేవాడిదే సముద్రం! కదలండి! మనం కదిలితే కోటలే కదులుతాయి!”

“కదుల్తాం గానీ బాబూ, దేనిమీద కదలాలేటి? ఆ బుట్టమీదా?” అంది ఒక పిల్ల. ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. ఆమె పేరు నూకాలు. పడవలు కుట్టే ఎర్రెయ్య కూతురు.

కీర్తిసేనుడి చెవులు ఎర్రబడ్డాయి. బుట్ట దిగాడు.

నూకాలు నవ్వు ఆపేసింది. “మా అయ్య ఆ దీవిమీద ఉప్పై నిలబడున్నాడు. తొలి వాన పడితే ఉప్పు ఏటవుతాదో నీ పుస్తకాల్లో రాసుందా?”

అందరూ నైరుతి మూలకు చూశారు. అక్కడ మబ్బు అరచేయంత ఉంది.

రేవు గుంజ మీద కూర్చున్న లకుముకి పిట్ట ముక్కు తెరిచింది. “కరాళుడి ప్రాణం పచ్చచిలకలో ఉంది. చిలక దీవి కింద గుహలో ఉంది. గుహ నోట్లో ఏనుగు తొండం దూరుతుంది, ఏనుగు దూరదు. ఒక్క మనిషి పట్టే సన్నటి దోనె అయితే దూరుతుంది. అందులో ఇనుము ఉండకూడదు.”

“అయితే నేనే కడతాను” అన్నాడు కీర్తిసేనుడు.

“ఎప్పుడైనా కట్టావా?” అంది నూకాలు.

“లేదు. నువ్వు?”

“మా అయ్య కుడతంటే చూశాను. వల అల్లుతా. అంతే.”

ఎవరికీ ఏమీ రాదు. మబ్బు మాత్రం పెరుగుతోంది.

ఆడవాళ్ళు తమ ఇళ్ళ తలుపులు ఊడదీసి ఇచ్చారు. మామిడి చెక్క, ఏళ్ళ తరబడి ఎండింది. మడ అడవి లోపల, భటుల కళ్ళు పడని కాలువ ఒడ్డున ఇద్దరూ పనికి దిగారు. అతను బర్మా తిప్పి చిల్లులు పెట్టాడు, ఆమె తాడు దూర్చి బిగించింది. ఎంత బిగిస్తే అంత మంచిదనుకున్నారు. సందులకు గుగ్గిలం పూశారు. దోనె తయారైంది.

“కట్టినోడే ముందెక్కాలి. మునిగితే ఆడే మునగాల. మా రేవులో ఆచారం” అంది నూకాలు.

అతను ఎక్కాడు. కుట్లలోంచి నీళ్ళు చిమ్మాయి. దోనె బురదలో కూర్చుంది.

గట్టు మీది పీత డెక్కలు ఆడించింది. “ఎండిన చెక్కకు దాహం ఎక్కువ. ముందు దాన్ని నీళ్ళు తాగనియ్యండి. కడుపు నిండితే చెక్క ఉబ్బి సందులు అవే మూసుకుంటాయి.”

రాళ్ళెత్తి దోనెను కాలువలో ముంచి ఉంచారు. చెక్క నీళ్ళు తాగింది, ఉబ్బింది. బిగదీసి కుట్టిన తాళ్ళు ఫట్‌ఫట్‌మని తెగిపోయాయి. దోనె విచ్చుకుపోయింది.

కీర్తిసేనుడు ఆ చెక్కల మీద అరిచాడు. అతనికి వచ్చిన శాపాలన్నీ పెట్టాడు.

“చెక్కమీద అరిస్తే ఏటి లాభం బాబూ? అది మీ నాన్నలాగే. ఇనదు” అంది నూకాలు.

అతనికి నవ్వొచ్చింది. రేవుకొచ్చాక అతను నవ్వడం అదే మొదలు.

రెండో దోనె కుట్టారు. ఈసారి చెక్క ఉబ్బడానికి చోటు వదిలి, కుట్టు కింద గడ్డి దూర్చారు. నీళ్ళు తాపారు. చుక్క కూడా కారలేదు. పీట వేసుకుని రాజకుమారుడు దర్జాగా కూర్చున్నాడు. దోనె బోర్లాపడింది. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ బోర్లాపడింది. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ పడింది. ఈసారి తల పైకి రాలేదు. నూకాలు నీళ్ళలోకి దూకింది. చూస్తే, బోర్లాపడిన దోనె కిందే చిక్కుకున్న గాలి పీలుస్తూ పచ్చి బూతులు తిడుతున్నాడు.

ఒడ్డున నీటికుక్క పొట్ట పట్టుకుని నవ్వింది. “ఒరేయ్ రాజపుత్రా! సింహాసనం ఎక్కినట్టు నీళ్ళమీద కూర్చుంటావేంరా? నాలాగా నీళ్ళలో కూర్చో. కాళ్ళు చాపు. ఒంటి తెడ్డు కాదు, రెండు చివర్లా రెక్కలున్న తెడ్డు పట్టు. ఎడమకో పోటు, కుడికో పోటు.”

మూడో దోనె మొదలుపెట్టేసరికి మబ్బు సగం ఆకాశం తినేసింది. గాలిలో తడి వాసన. అతని అరచేతులు పుండ్లయ్యాయి, ఆమె వేళ్ళు తాడు కోతకు చీరుకుపోయాయి. తొందరలో బర్మా మొన అడుగు చెక్కలో విరిగి ఉండిపోయింది.

“తీసేయి” అంది నూకాలు.

“గోరంత ముక్క. దానికోసం చెక్క మార్చే తీరిక ఉందా మనకు?” అన్నాడు అతను. ఆమె ఆకాశంకేసి చూసింది. పైన గుగ్గిలం మెత్తింది.

దోనె నీళ్ళు తాగింది. అతను కాళ్ళు చాపి కూర్చున్నాడు. అది నిలిచింది.

తెల్లవారుతుండగా బయల్దేరాడు. నడుం వంచి గొలుసు కిందినుంచి జారిపోయాడు. కోటగోడమీది భటులు ఏదో చేప అనుకున్నారు. ఎడమకో పోటు, కుడికో పోటు. ఒడ్డు చిన్నదైంది. దీవి పెద్దదైంది. ఒక్క కుట్టూ కదలలేదు.

ఉన్నట్టుండి మడమ కింద ఏదో జుమ్మని మోగింది. విరిగిన బర్మా మొన! సూదంటురాయి పిలిచింది. గుగ్గిలం పగిలింది. మొన చెక్కను చీల్చుకుని సముద్రంలోకి దూసుకుపోయింది. ఆ చిల్లులోంచి నీళ్ళు ఊటలా పొంగాయి. మడమ అదిమిపెట్టి తెడ్డు వేశాడు.

కొండమీద కరాళుడు లేచి నిలబడ్డాడు. “ఇనుము లేకుండా వచ్చిందెవడ్రా?” నోరు పూరించి ఊదాడు. కెరటం గోడలా లేచి దోనెను బోర్లాకొట్టింది. తెడ్డు కొట్టుకుపోయింది.

కరాళుడు చూశాడు. దోనె తిరగబడింది, తల పైకి రాలేదు. “పోయాడు” అని విరగబడి నవ్వి వెనక్కి తిరిగాడు.

దోనె కింద, చీకట్లో, కీర్తిసేనుడు చిక్కుకున్న గాలి పీలుస్తున్నాడు. అడుగు ఇప్పుడు పైనుంది. చిల్లులోంచి గాలి సర్రున జారిపోతోంది. తడుముకుని తడుముకుని చిల్లులో బొటనవేలు దూర్చాడు. గాలి ఆగింది. కాళ్ళతో నీళ్ళు తంతూ దోనెను మోసుకుని కదిలాడు. కెరటం నెట్టింది. పక్కలు రెండూ రాతికి రాసుకున్నాయి. దోనె గుహలోకి దూరింది.

తల బయటపెట్టాడు. రాతిగూట్లో పచ్చచిలక. ఒక్క ఉదుటున మెడ పట్టుకున్నాడు. విరిచేద్దామని వేళ్ళు బిగించాడు.

చిలక నోరు తెరిచింది. అది మాట్లాడిన గొంతు చిలకది కాదు.

“రేవు నీదే కరాళా. మేకుల పడవలు నేనే ఇప్పిస్తాను. నాకు మాత్రం ఒక్క తెల్లవెంట్రుక రాకూడదు. జనానికి ఏదో ఒకటి నేను చెప్పుకుంటాను.”

చిన్నప్పుడు తనకు జోల పాడిన నాన్నగారి గొంతు అది. కీర్తిసేనుడు బిగించిన వేళ్ళు సడలించాడు. చదివిన గ్రంథాల్లోంచి ఒక్క మాటా సాయం రాలేదు.

గుహ బయట టప్‌మని చినుకు పడింది.

చిలకను చంపితే మాంత్రికుడు చస్తాడు. కానీ ఈ గొంతు కూడా చస్తుంది. “సాక్షిని చంపుకునేది దొంగలు. నేను కాదు” అనుకుని, చిలకను పట్టుకుని కొండెక్కాడు. అక్కడ వరసగా ఉప్పు బొమ్మలు, నోళ్ళు తెరుచుకుని, చేతులు అడ్డం పెట్టుకుని. చివర తన అన్నలిద్దరూ. ఒక ముసలి బొమ్మ చెవి అంచు కరిగి కారుతోంది.

“కరాళా! ఈ బొమ్మల్ని మళ్ళీ మనుషుల్ని చెయ్యి!”

మాంత్రికుడు తుళ్ళిపడ్డాడు. అంతలోనే నవ్వాడు. “చంపవోయ్ చిలకను! నేను పోతే ఉప్పు ఉప్పుగానే ఉంటుంది.”

నిజమో అబద్ధమో తెలియదు. చినుకులు పెరిగాయి. కీర్తిసేనుడు మెడ విరవలేదు, వదల్లేదు. ఊపిరాడీ ఆడనంతగా వేళ్ళు బిగించి పట్టుకున్నాడు. కరాళుడి కళ్ళు పైకి తేలాయి. మోకాళ్ళ మీద పడ్డాడు. బొమ్మల మీద గుప్పెడు నీళ్ళు చల్లాడు.

ఉప్పు దగ్గింది. తుమ్మింది. చేతులు విదిలించుకుంది. చెవి అంచు పోయిన ఎర్రెయ్య కొండ దిగొచ్చి, గుహ ముందు రాళ్ళమీదికి కెరటం తోసిన దోనెను చూశాడు. “ఈ వంకర కుట్టు మా నూకాలుదే” అని ఏడ్చాడు.

“ఇప్పుడు ఏటి నోట్లో గొలుసు తియ్యి” అన్నాడు కీర్తిసేనుడు మాంత్రికుడితో.

“గొలుసు నాది కాదు బాబూ. మీ నాన్నది. నేను కౌలుకొచ్చినవాణ్ణి.”

విరిగిన పడవల చెక్కల్ని వలతాళ్ళతో తెప్పలుగా కట్టి, కరాళుణ్ణి కట్టిపడేసి, కుండపోత వానలో అందరూ మణిరేవు చేరారు. గొలుసు దగ్గర ఆగిపోయారు. ఆడవాళ్ళు నడుంలోతు నీళ్ళలోకి పరిగెత్తుకొచ్చారు. కీర్తిసేనుడు చిలకను గొలుసు గుంజ మీద కూర్చోబెట్టాడు. చిలక రాజుగారి గొంతుతో విన్నదంతా చెప్పింది. రేవంతా విన్నది.

కీర్తిసేనుడు ఒడ్డుకొచ్చి చేపల బుట్ట ఎక్కబోయాడు. నూకాలు చెయ్యి పట్టుకుంది.

“నన్ను మనువాడతావా, ఉపన్యాసం చెబుతావా?”

“రెండూ.”

“ముందు మనువాడు.”

ఇసుకలోనే పందిరి వేశారు. అన్నలిద్దరూ గుంజలు పాతారు. ఎర్రెయ్య కన్యాదానం చేశాడు. మారుకట్టు చీర లేక నూకాలు తడి చీరతోనే పీటలమీద కూర్చుంది. తాళి ముడి పడుతుండగా ఏనుగు మీద మహారాజు వచ్చాడు. ఒక్క తెల్లవెంట్రుక లేదు.

“నాయనా! ఎంత పని చేశావు! రాజ్యం నీకే. కోడలితో కలకాలం ఏలుకో. ఆ చిలకను మాత్రం నాకిచ్చెయ్యి.”

కీర్తిసేనుడి గొంతులోకి వంద నినాదాలు తోసుకొచ్చాయి. అన్నీ మింగేశాడు.

“రాజ్యం నేనడగలేదు నాన్నగారూ. మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. మేకుల పడవలు తెలిసే ఇచ్చారా? అన్నయ్యలు వెళ్తుంటే తెలిసే గొలుసు దింపారా? ఇప్పుడీ గొలుసు తీస్తారా, తియ్యరా?”

రాజు అటూ ఇటూ చూశాడు. “మంత్రులతో ఆలోచించాలి కదా.”

“ఆలోచించుకోండి. మేం ఈలోపు దోనెలు కుట్టుకుంటాం. గొలుసు కిందినుంచి ఒకడు వెళ్ళగలిగినప్పుడు ఊరంతా వెళ్ళగలదు.”

వెనక ఎర్రెయ్య అప్పుడే తాడు పేనడం మొదలుపెట్టాడు. జనం ఒక్కొక్కరే వచ్చి అతని చుట్టూ కూర్చున్నారు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ నూరేళ్ళు రాజ్యమేలారా అని మీరడుగుతారు. ఏలేది రాజా, రేవా అన్నది ఇంకా తేలలేదు మరి. కీర్తిసేనుడు ఏనుగుకు ఎదురుగా నిలబడి, అరవకుండా, అందరికీ వినబడేలా గడువు చెప్పాడు.

“శ్రావణ పౌర్ణమి సూర్యోదయానికల్లా మీ జవాబు ఈ రేవులో, ఈ జనం ముందు చెప్పాలి.”