పద్నాలుగో స్థలం

మార్తమ్మ వేలిముద్ర వెయ్యనంది. ఫాతిమా కాలనీలో గడప గడపా తొక్కి ముద్రలు పోగుచేసుకొస్తున్న బ్రదర్ ఇన్నాసికి తల కొట్టేసినట్టయింది.

ఇన్నాసి ఇంకో ఏడాదిలో గురుపట్టం అందుకుని స్వామి కావలసినవాడు. ఈలోగా పని నేర్చుకోమని పైవాళ్ళు అతన్ని ఆరోగ్యపురం గుడికి, దాన్ని నడిపే విచారణ గురువు రాయప్ప స్వామి దగ్గరికి పంపారు. వచ్చేముందు పట్నంలో ఆరునెలలు సామాజిక న్యాయం మీద శిక్షణ అయింది. పోపుగార్ల లేఖలు పేరాల నంబర్లతో సహా నోటికొచ్చు. అన్నంలో రాయి తగిలినా అన్యాయం అనేవాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని గుడి వంటావిడ నవ్వుకునేది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ కాలనీలో జరుగుతున్నది కళ్ళారా చూసి మండిపోనివాడికి ఉన్నది గుండె కాదు, బండ.

కాలనీ చుట్టూ ఒకప్పుడు వరిచేలు. ఇప్పుడన్నీ రొయ్యల చెరువులు. సముద్రపు పాయ నుంచి గొట్టాలు వేసి ఉప్పునీళ్ళు తోడి చెరువులు నింపుతారు. ఆ ఉప్పు నేలలోకి దిగింది, దిగి దిగి కాలనీ బావిలోకి చేరింది. కాలనీ మొత్తానికి ఉన్నది ఆ ఒక్క బావే. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, టీ పెడితే పాలు విరిగిపోతాయి. ఆడవాళ్ళు బిందెలెత్తుకుని రెండు మైళ్ళు నడిచి పంపు దగ్గర పడిగాపులు పడుతున్నారు.

చెరువుల ఆసాముల ఇళ్ళకి మాత్రం మంచినీళ్ళ క్యాన్లు ఆటోల్లో వస్తాయి. వాళ్ళలో సగంమంది ఆదివారం పూజలో ముందు బల్లల మీదే కూర్చుంటారు. సత్ప్రసాదానికి ముందు వరసలోనే నిలబడతారు. దప్పికగొన్నవాడికి నీళ్ళిమ్మన్న వాక్యం మీద ప్రసంగం వింటే, ఎంత బాగా చెప్పారండీ అంటూ చెయ్యి కలిపి మరీ పోతారు. సిగ్గుపడటం ఆ ఊళ్ళో పేదవాళ్ళ పని.

ఎన్నో అర్జీల తర్వాత, అనుమతి లేని చెరువుల సంగతి చూడటానికి సోమవారం ఒక అధికారి వస్తున్నాడు. ఇన్నాసి రాసిన అర్జీలో పదమూడు చెరువులు, పదమూడుమంది యజమానుల పేర్లు ఉన్నాయి. కింద కాలనీవాళ్ళ ముద్రలు. బావి ఉన్నది మార్తమ్మ ఇంటి వెనకే. వచ్చినవాడు ముందు ఆమెనే అడుగుతాడు. ఆమె ముద్ర లేకపోతే ఆ కాగితాన్ని ఎవడూ లెక్కచెయ్యడు, కాలనీకి మళ్ళీ ఆ ఉప్పునీళ్ళే గతి.

కాగితం మొత్తం చదివి వినిపించాక మార్తమ్మ ఒక్కటే మాట అంది.

"అన్నీ రాయలేదండి తవరు."

ఎందుకు రాయలేదు, రికార్డులు చూశాను, గట్టు గట్టూ కాళ్ళరిగేలా తిరిగాను, పదమూడు ఉన్నాయి, పదమూడూ రాశాను అన్నాడు ఇన్నాసి. ఆవిడ చేటలో చింతపండు గింజ తీసుకుంటూ కూర్చుంది. తప్పితే ఏది తప్పిందో చెప్పమన్నాడు. చెప్పలేదు. బతిమాలాడు. పలకలేదు. చివరికి, ఎవరేమిచ్చారు నీకు అని అడిగేశాడు. అనకూడని మాట. మార్తమ్మ చేట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ కోపంతోనే గుడికొచ్చాడు. రాయప్ప స్వామి వసారాలో కూర్చుని అంగీకి గుండీ కుట్టుకుంటున్నారు. డెబ్బై దాటిన మనిషి. ఇన్నాసి నిలబడే మొదలుపెట్టాడు. వీళ్ళకోసం ఎవరు పోరాడి ఏం లాభం అన్నాడు. వీళ్ళని తొక్కేవాళ్ళది సగం పాపమైతే తొక్కించుకునేవాళ్ళది సగం అన్నాడు. పట్నంలో శిక్షణలో చెప్పని మాటలు కూడా అన్నాడు. స్వామి సూది ఆపకుండా విన్నారు.

"ఏమందన్నావు?" అని అడిగారు అంతా అయ్యాక.

"అన్నీ రాయలేదంది."

సూది ఆగింది. స్వామి చెయ్యి చాపి అర్జీ తీసుకుని పై నుంచి కింది దాకా చదివారు. చదివి వెనక్కిచ్చారు.

"మీరొక్క మాట చెప్పండి ఫాదర్, వేస్తుంది," అన్నాడు ఇన్నాసి.

"నేను చెబితే వేస్తుంది. అందుకే చెప్పను."

ఇన్నాసికి ఒళ్ళు మండింది. ముసలాయన కూడా ముందు బల్లలవాళ్ళకి భయపడుతున్నాడనుకున్నాడు. స్వామి గుండీ దారం తెంపి, రేపు సిలువ మార్గం ఎలా నడపబోతున్నావని అడిగారు.

ఈస్టరు ముందు నలభై రోజుల తపస్కాలంలో, శుక్రవారాల్లో, క్రీస్తు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ పద్నాలుగు చోట్ల ఆగి ప్రార్థిస్తారు. ఒక్కో చోటునీ స్థలం అంటారు. ఈసారి దాన్ని గుడిలో కాకుండా చెరువు గట్ల మీద జరపాలన్నది ఇన్నాసి ఆలోచన. ఒక్కో చెరువూ ఒక్కో స్థలం. ప్రతి గట్టు మీదా సిలువ దించి, ఆ చెరువు యజమాని పేరు పైకి చదవాలి. జనం దయ చూపమని ప్రభువుని అడగాలి. పదమూడు చెరువులకి పదమూడు స్థలాలు. ప్రభువుని సమాధిలో పెట్టిన పద్నాలుగోది గుడిలోనే, పీఠం ముందు. ఇంత చక్కగా కుదిరినందుకు అతను లోలోపల మురిసిపోయాడు కూడా.

"పద్నాలుగో స్థలం నేను చూసుకుంటాను," అన్నారు స్వామి.

మర్నాడు మూడు గంటలకి, ఎండ ఇంకా చల్లారకముందే బయల్దేరారు. ముందు సిలువ, వెనక ఇన్నాసి, అతని వెనక చెప్పుల్లేకుండా రాయప్ప స్వామి, ఆ వెనక కాలనీ. మార్తమ్మ కూడా వచ్చింది, అందరికంటే చివర.

ఇన్నాసి గొంతు మంచిది, ఆ రోజు దానికి కోపం తోడైంది. ఒక్కో పేరూ చెరువు అవతలి గట్టు మీది కాపలావాడికి కూడా వినపడింది. అంతవరకూ ఆ పేర్లని కాలనీవాళ్ళు గారు అనకుండా పలికి ఎరగరు. మొదటి గట్టు మీద తలలు దించుకుని గొణిగారు. నాలుగోదానికి తలలెత్తారు. ఆరోదానికొచ్చేసరికి, దయ చూపు ప్రభువా అన్న మాట వేడుకోలులా లేదు, నిలదీసినట్టుంది. ఇన్నాసికి ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళ చదువుకీ అర్థం ఇదేననిపించింది.

ఎనిమిదోది జోజప్పది. గుడి పెద్దల్లో పెద్ద. తన గట్టు మీద తనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పేరు చదివినా కదల్లేదు.

"ఇంకా ఎన్నున్నాయి బ్రదర్ గారూ?"

"పదమూడూ చదువుతాను."

"పదమూడేనా?" అని నవ్వి జోజప్ప రాయప్ప స్వామి వైపు చూశాడు. ఎంత పొగరు అనుకున్నాడు ఇన్నాసి. స్వామి తల వంచుకుని ఉన్నారు.

పదమూడోది అయ్యాక ఊరేగింపు గుడి దారి పట్టింది. అప్పుడు రాయప్ప స్వామి ముందుకొచ్చి, మోస్తున్నవాడి భుజం మీంచి సిలువ తన భుజం మీదికి మార్చుకున్నారు. గుడి వైపు వెళ్ళలేదు. మార్తమ్మ ఇంటి పక్క సందులోంచి, తాటాకు దడి వైపు తిరిగారు. జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

ఆ దడి అవతలి చోటుని ఊళ్ళో స్వామి తోట అంటారు. గుడి భూమి. రికార్డులో కూడా దేవాలయం తోట అనే ఉంది. కొబ్బరి చెట్లు లెక్కపెట్టి ఏం చేస్తామని ఇన్నాసి ఆ వరుస దాటేశాడు. గట్టు గట్టూ తిరిగానన్నవాడు దడి పక్కనుంచి రోజూ పోతూ కూడా ఒక్కసారి లోపలికి తొంగిచూడలేదు.

స్వామి తడిక తోశారు. లోపల తోట లేదు. కొట్టేసిన కొబ్బరి మొద్దు ఒకటి ఉంది. దాని పక్కన మేత బస్తాలు. అక్కణ్ణుంచి అవతలి దడి దాకా నల్లటి నీళ్ళు, రొయ్యలకి గాలి అందేలా ఆ నీళ్ళని చిలుకుతూ నాలుగు మోటారు చక్రాలు. చెట్లు పోయాయిగానీ పేరు మిగిలింది. గట్టు దిగితే ఇరవై అడుగుల్లో మార్తమ్మ బావి.

ఇన్నాసి బావిని చూశాడు, చెరువుని చూశాడు. ఎవరిదని అడగనక్కర్లేకపోయింది.

"గుడిది," అన్నారు స్వామి, సిలువ కిందికి దించి. అందరికీ వినపడేలాగే అన్నారు. "ఆరేళ్ళ కిందట గుడి పైకప్పు కారుతుంటే, డబ్బు కోసం ఈ తోటని రొయ్యలకి కౌలుకిచ్చాను. సంతకం నాదే. ఆ ఏడాదే మార్తమ్మ వచ్చి నీళ్ళు మారాయి సామీ అని చెప్పింది. ప్రార్థన చేద్దాంలే అమ్మా అన్నాను."

ఇన్నాసి ఆ చివరి మాట పట్టుకున్నాడు. ప్రార్థన చేద్దామన్నాడట. ఒక మనిషి గుక్కెడు నీళ్ళ గురించి మొరపెట్టుకుంటే, జపమాల చేతికిచ్చి పంపేశాడట. పదమూడుమంది మీద రానంత కోపం ఆ ఒక్క మనిషి మీద వచ్చింది. ఆ పైకప్పు కింద తను ఏడు నెలలుగా ఒక్క చినుకు తగలకుండా ప్రార్థన చేసుకున్నాడు. పైగా నిన్న ఆ తల్లిని పట్టుకుని ఎవరేమిచ్చారని అడిగాడు. గుడి మీద మాట రాకూడదని నోరు నొక్కుకున్న మనిషిని. ఈ కోపం స్వామి మీదో తన మీదో అతనికి తేలలేదు.

"తెలిసే నన్ను పదమూడు గట్లు తిప్పారా?" అన్నాడు.

స్వామి ఇన్నాసి భుజానున్న సంచి వైపు చెయ్యి చూపించారు.

"అర్జీ తియ్యి. నా పేరు రాయి."

ఇన్నాసి కాగితం తీసి పదమూడో పేరు కింద కలం పెట్టాడు.

"అక్కడ కాదు. మొదట. బావికి అన్నిటికంటే దగ్గరిది ఇదే."

మొదటి పేరు పైన చోటు లేదు. అంచున ఇరికించి రాశాడు. రాయప్ప, విచారణ గురువు, దేవాలయం తోట. అక్షరాలు వంకరపోయాయి.

స్వామి గట్టు మీది బురదలో మోకాళ్ళూనారు. మోకాలి నొప్పితో పూజలో కూడా మోకరించలేని మనిషి, రెండు చేతులూ నేల మీద ఆన్చి మెల్లగా దిగారు. పట్టుకోబోయినవాళ్ళని వద్దన్నారు.

"ఇప్పుడు చదువు."

కాగితం ఇన్నాసి చేతిలోనే ఉంది. ఆరోగ్యపురంలో అడుగుపెట్టిన రోజు, భోజనాల వేళ మించిపోయిందని తన కంచంలో అన్నం వడ్డించి పెట్టింది ఈ ముసలాయనే. ప్రసంగం రాయడం, చావుబతుకుల్లో ఉన్నవాడి పక్కన కూర్చోవడం నేర్పింది ఈయనే.

"ఫాదర్, సోమవారం నేనే ఇస్తాగా కాగితం. ఇక్కడ ఇంతమందిలో..."

"ఆ పదమూడు పేర్లూ ఏ గొంతుతో చదివావో, ఆ గొంతుతోనే చదువు, ఇన్నాసీ."

చదివాడు. పెదవులు కదిలాయి అంతే. చక్రాల చప్పుడులో ఆ మాట కొట్టుకుపోయింది.

చివరి వరసలోంచి మార్తమ్మ అంది.

"వినపళ్ళేదండి, బ్రదర్ గారు."

ఎవరో వెళ్ళి మోటార్లు కట్టేశారు. చక్రాలు ఆగిపోయాయి. ఇన్నాసి మళ్ళీ చదివాడు. ఈసారి ఆ పేరు దడి దాటి, సందు దాటి, జోజప్ప గట్టు దాకా వినపడింది.

జనం బదులు పలకలేదు. ఒక స్వామి పేరు చదివాక ఏమనాలో ఎవరికీ తోచలేదు. మోకాళ్ళ మీదున్న రాయప్ప స్వామే ముందు పలికారు, ఒక్కరే, దయ చూపు ప్రభువా అని. అప్పుడు వెనకనుంచి ఒకరు అందుకున్నారు, ఆపైన ఇద్దరు, ఆపైన అందరూ.

మార్తమ్మ జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చింది. స్వామి వైపు చూడలేదు. ఆయన్ని లేవదీయలేదు. ఇన్నాసి సంచిలోంచి సిరా డబ్బా తనే తీసుకుంది. బొటనవేలు అద్ది, కాగితం కింది అంచున గట్టిగా నొక్కింది.

"సోమారం ఆ ఆపీసరు ముందు కూడా ఇట్టాగే చదవాలండి," అంది. "గొంతు తగ్గించకుండా."