కంకయ్యశెట్టి పేరు పోగొట్టుకున్న ఆట

అనగనగా ఒక రేవు. రేవు ఉన్నాక పడవ ఉండాలి కదా, ఉంది. పడవ ఉన్నాక దాని కోసం పడిగాపులు కాసే జనం ఉండాలి కదా, వాళ్ళూ ఉన్నారు. ఆ జనం ఎండలో మాడిపోకుండా ఎవరో పుణ్యాత్ముడు ఒక సత్రం కట్టించాడు. ఆ సత్రాన్ని చూసుకునే ఆవిడ పేరు వకుళ.

వకుళ వంట అంతంతమాత్రం. పులుసులో ఒకరోజు ఉప్పు ఉండేది, ఒకరోజు ఉండేది కాదు. అయినా జనం ఆ సత్రానికే ఎగబడేవారు. ఎందుకంటారా? వరాల ఆట కోసం.

సత్రం అరుగు మీద వకుళ బియ్యప్పిండితో ముగ్గు వేసేది. అది ఉత్త ముగ్గు కాదు, ఒక రాజ్యం. ఇక్కడ కోట, అక్కడ అడవి, మధ్యలో ఏరు. చింతగింజ దొంగల నాయకుడు, గాజుముక్క రాకుమారి. గవ్వలు వేసి, ఎన్ని పడితే అంత దూరం నడవాలి. ఎవరి బొమ్మ తరఫున వాళ్ళే మాట్లాడాలి. అడవి నడుమ ఒక యక్షిణి ఉంటుంది. ఎవరికి ఆపద వచ్చినా ఆవిడ దగ్గరికే పోవాలి. ఆవిడ వరమిస్తుంది, బదులుగా ఏదో ఒకటి అడుగుతుంది. పచ్చ కండువా భుజాన వేసుకున్నవాళ్ళే ఆ యక్షిణి.

ఆట ముగిశాక ఆ కండువాను మూడుసార్లు దులిపి, "ఆటలో మాట ఆటతో సరి" అనాలి. దాంతో ఇచ్చిన వరాలూ, పుచ్చుకున్న బదుళ్ళూ అన్నీ పిండిలా ఎగిరిపోయినట్టే. అందరూ నవ్వుకుంటూ లేచి పడవెక్కేవారు.

కండువా ఎప్పుడూ వకుళదే. పడవ నడిపే పోలయ్యది దొంగల నాయకుడి వేషం. ఒకసారి అతను ఓటమి ఎరగని కత్తి కావాలని అడిగాడు. వకుళ ఇచ్చింది. కాని కత్తి దూసిన ప్రతిసారీ చిన్నప్పుడు చేసిన వెధవపని ఒకటి గట్టిగా ఒప్పుకోవాలంది. పాపం దొంగల నాయకుడు శత్రుసైన్యం ఎదుట నిలబడి, అమ్మ దాచిన బెల్లం తానే తిని పిల్లి మీదికి నెట్టానని చెప్పుకున్నాడు. శత్రువులు పొట్ట పట్టుకుని నవ్వి యుద్ధం సంగతే మరిచిపోయారు. వకుళ బేరాలన్నీ ఇలాంటివే. మనిషిని ఇరుకున పెట్టేది, కాని ముందుకు పోవడానికి ఒక దారి ఉంచేది.

ఏటికి అవతల ఒక కొండ. దాని మీద శిలావతి అనే నిజం యక్షిణి ఉండేది. ఆవిడ బేరాలు వేరు. ఒకడికి ఏడాది పొడుగునా కాసే మామిడితోట ఇచ్చి, వాడి నాలుక మీది రుచి తీసుకుంది. వాడు ఇప్పటికీ ఆ పళ్ళను కొరుకుతూ ఏడుస్తూనే ఉన్నాడట.

ఒక గోరువంక ఉంది, చాడీలు మోయడమే దాని పని. అది ఎగిరి వెళ్ళి, "అమ్మగారూ, రేవులో ఎవరో తమరి వేషం కడుతున్నారు. జనం నవ్వుతున్నారు కూడా" అని శిలావతి చెవిన వేసింది.

శిలావతికి ఒళ్ళు మండింది. తేనె అమ్ముకునే ఆడమనిషిలా వేషం మార్చి, తలలో సంపెంగలు తురుముకుని, తేనె ముంత పట్టుకుని రేవుకు దిగింది.

మొదటిరోజు ఊరికే చూస్తూ కూర్చుంది. వకుళ యక్షిణిలా ఒక నవ్వు నవ్వగానే ఇక ఆగలేకపోయింది. యక్షిణులు అలా నవ్వరంది. మరి ఎలా నవ్వుతారో చూపించమని వకుళ మర్యాదగానే అడిగింది. శిలావతి నవ్వింది. నీళ్ళకుండ నిలువునా పగిలింది. కుక్క అరుగు కిందికి దూరింది.

తమలపాకులు అమ్మే కంకయ్యశెట్టి తల అడ్డంగా ఊపాడు. "బాగానే ఉందమ్మా, కాని కాస్త అతి చేశావు. యక్షిణి అంటే నిండుగా ఉండాలి" అన్నాడు.

వెయ్యేళ్ళలో శిలావతిని అంతమాట అన్నవాళ్ళు లేరు. రెండోరోజు తిన్నగా వచ్చి, ఈసారి కండువా తనకిమ్మంది. వకుళ సంతోషంగా ఇచ్చింది. ఇంతలో పొయ్యి మీద పులుసు పొంగిన చప్పుడైతే లోపలికి పరిగెత్తింది.

రాకుమారి వేషం కంకయ్యశెట్టిది. మీసాల రాకుమారి అని అందరూ ఏడిపించినా ఆయన పట్టించుకునేవాడు కాదు. ఆ రోజు రాకుమారి కోటలో బందీ అయింది. తలుపు తెరవమని యక్షిణిని వేడుకుంది.

"తెరుస్తాను. బదులుగా నీ పేరు ఇవ్వు" అంది శిలావతి.

"ఇదుగో, ఇచ్చాను తల్లీ" అన్నాడు శెట్టి హుషారుగా.

తలుపు తెరుచుకుంది. కాని పేరు లేని రాకుమారిని ఎవరు పిలుస్తారు? ఏమని పిలుస్తారు? మూడుసార్లు గవ్వలు వేసేసరికి ఆట చప్పబడిపోయింది. శెట్టి ఆవలించాడు. శిలావతి కండువాను దులపకుండానే మడిచి పెట్టి వెళ్ళిపోయింది. కొత్త మనిషి, తెలియదు కాబోలని పోలయ్య అనుకున్నాడు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. మనకు ఆటమాట వేరు, నిజంమాట వేరు. యక్షిణులకు ఆ తేడా తెలియదు. వాళ్ళ నోట మాట వెలువడిందంటే అది జరిగి తీరుతుంది.

శెట్టి ఇల్లు రేవుకు నాలుగడుగుల దూరం. రోజూ మధ్యాహ్నం ఆయన తల్లి చెంగమ్మ గుమ్మంలో నిలబడి, కొడుకును పేరు పెట్టి కేక వేసేది. ఆ కేక వింటే రేవంతటికీ భోజనాల వేళ అయినట్టు. ఆ రోజు ముసలావిడ నోరు తెరిచింది. పేరు రాలేదు. తాను పెట్టిన పేరే. మళ్ళీ నోరు తెరిచింది. రాలేదు. కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మంలోనే కూలబడింది. శెట్టికే తన పేరు గుర్తు లేదు, రేవులో ఇంకెవరికీ లేదు. కథ చెప్పేవాణ్ణి కాబట్టి నాకొక్కడికే చెల్లింది.

చెంగమ్మ ఏడుపు చూసి వకుళకు గుండె తరుక్కుపోయింది. ఎక్కడ పొరపాటు జరిగిందా అని తెగ ఆలోచించింది. తేనె అమ్మే ఆవిడ తలలో పూలు రెండు రోజులైనా వాడలేదు. ఆవిడ ఒక్కసారి కూడా కళ్ళు ఆర్పలేదు. గోరువంకకు రెండు అటుకులు పడేస్తే, మిగిలిన కథంతా అదే కక్కింది.

వకుళ ఒక ఎత్తు వేసింది. యక్షిణి నోటితోనే ఏదో ఒకటి ఇస్తానని అనిపించాలి, తర్వాత దానికి బదులుగా శెట్టి పేరు అడగాలి.

మూడోరోజు శిలావతి రాగానే వకుళ కండువా తానే వేసుకుని, ఆవిడ చేతిలో ఒక వేపపుల్ల పెట్టింది. ఈ పుల్ల ఒక బాటసారి అనీ, ఇవాళ నువ్వే ఆ బాటసారివనీ చెప్పింది. మూడు రోజులుగా దారి తప్పావు, వాన పడుతోంది, ఆకలేస్తోంది అని మొదలుపెట్టింది.

శిలావతి వెయ్యేళ్ళలో ఎన్నడూ దారి తప్పలేదు. ఆకలి ఎరగదు. ముందు బిగుసుకుని కూర్చుంది. గవ్వలు ఒకటి పడితే అయ్యో అంది, ఆరు పడితే ముందుకు జరిగింది. ఏరు దాటేటప్పటికి చలికి నిజంగానే వణుకుతోంది. అడవి మధ్యలో యక్షిణి గుహ కనిపించగానే రెండు చేతులూ జోడించింది.

"దారి చూపించు తల్లీ" అంది.

"చూపిస్తాను. బదులుగా నీ ఇల్లు నాకివ్వు" అంది వకుళ.

"ఇచ్చాను."

అంతే. కొండ మీది మబ్బు కదిలి వచ్చి సత్రం మీద నిలిచింది. గోరువంక ఎగిరి వచ్చి వకుళ భుజాన వాలి, "అమ్మగారూ, ఏం సెలవు?" అంది. శిలావతి తలలో పూలు వాడిపోయాయి. ఆవిడ మొట్టమొదటిసారి కళ్ళు ఆర్పింది. తన కొండ వైపు చూసింది. నోరు తెరిచింది. మాట రాలేదు.

వకుళ ఆ ముఖం చూసింది. చెంగమ్మ నోరు తెరిచి నిలబడ్డప్పుడూ ఇదే ముఖం. వేసిన ఎత్తు పారింది, కాని వకుళకు సంతోషం కలగలేదు. భుజాన కండువా తీసింది.

పోలయ్య ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "ముందు శెట్టిగారి పేరు అడుగు వకుళమ్మా. తర్వాత వదిలెయ్యి."

"అడిగితే ఇస్తుంది పోలయ్యా. కాని ఆటలో అన్నమాటతో మనిషిని పట్టుకుని బేరమాడితే, రేపు ఈ ముగ్గు చుట్టూ ఎవరు కూర్చుంటారు?"

వకుళ కండువాను మూడుసార్లు దులిపింది. "ఆటలో మాట ఆటతో సరి. నీ కొండ నీదేనమ్మా" అంది.

మబ్బు వెనక్కి మళ్ళింది. గోరువంక సిగ్గులేకుండా పాత యజమాని భుజం ఎక్కింది. బదులేం కావాలని శిలావతి అడిగింది.

"ఏమీ వద్దు. ఆట అయిపోయింది."

బదులు అడగని మాట వెయ్యేళ్ళలో ఆ చెవులు విని ఉండలేదు. శిలావతి మెల్లగా చెయ్యి చాపి కండువా అందుకుంది. వచ్చీరాని చేతులతో మూడుసార్లు దులిపింది. పిండి ముక్కులో దూరి తుమ్మింది. తర్వాత, "ఆటలో మాట ఆటతో సరి" అంది. యక్షిణి అన్నమాట జరిగి తీరుతుంది కదా.

నాలుగడుగుల అవతల గుమ్మంలోంచి కేక వినిపించింది.

"ఒరేయ్ కంకయ్యా, అన్నం చల్లారిపోతోందిరా!"

మీసాల రాకుమారి లేచి, పైకండువా జారిపోతున్నా చూసుకోకుండా ఇంటికి పరిగెత్తాడు. పోలయ్య ముఖం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళలో పిండి పడిందన్నాడు.

ఆనాటి నుంచి శిలావతి వారం వారం రేవుకు వచ్చేది. మొదటి వారం వచ్చేముందే మామిడితోట వాడి రుచి వాడికి తిరిగి ఇచ్చేసింది. ఆటలో ఆవిడ ఎప్పుడూ బాటసారే. ఒకసారి యక్షిణి వేషం కట్టమని శెట్టి ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ఆ వేషం తనకు కుదరదనీ, వకుళ కడితేనే అసలు యక్షిణిలా ఉంటుందనీ చెప్పింది.

చేతికి చిక్కినవాళ్ళను గుప్పిట్లో బిగించేవారికి భయపడేవాళ్ళు మాత్రమే మిగులుతారు. గుప్పిలి విప్పి వదిలేసేవారికి స్నేహితులు దొరుకుతారు.